మధ్యాహ్నం వచ్చిన మాస్టారు

మా ఆఫీసులో ఆవిడను అందరూ పహరా అని పిలిచేవారు. చాటున కాదు, మొహం మీదే. ఆవిడ కూడా ఆ పేరుకే పలికేది. ఆ పేరు పెట్టినవాణ్ణి నేనే కనుక ఆవిడ కథ చెప్పే బాధ్యత కూడా నాదే అనుకుంటున్నాను. పైగా ఇందులో నేను చేసిన పిరికి పనులు కొన్ని ఉన్నాయి. వాటిని ఇంకెవరైనా చెబితే మరీ అన్యాయంగా చెబుతారు.

పాత కట్టడాల్లో పగుళ్ళు కొలిచి, ఇందులో మనుషులు ఉండొచ్చనో ఉండకూడదనో కాగితం ఇచ్చే ఆఫీసు మాది. ఊళ్ళో ఆ పని చేసేది మేమొక్కరమే. కొలతలు తీసేవాళ్ళు తీస్తారు, నేను నక్షాలు గీస్తాను, మేనేజరు సంతకం పెడతాడు. పహరాకు వీటితో సంబంధం లేదు. మా అందరి ఫైళ్ళూ ఉండే సర్వరునూ, అందులోని ఉమ్మడి డ్రైవునూ కనిపెట్టుకుని ఉండడం ఆవిడ పని. ఉమ్మడి సంసారంలో వంటిల్లు ఎలా ఉంటుందో ఆ డ్రైవు అలా ఉండేది. అందరూ వాడేవాళ్ళే, సర్దేవాళ్ళు లేరు. "కొత్తది", "కొత్తది రెండు", "ఇదే అసలుది", "ఇదే అసలుది, దీన్నే చూడండి" అంటూ ఒకే నక్షాకు నాలుగు కాపీలు నావే ఉండేవి.

"అన్నయ్యగారూ, మీ ఫోల్డరు బాగా ఒళ్ళు చేసింది. కాస్త పస్తు పెట్టండి" అనేది పక్క టేబులు నుంచి.

పొద్దున తొమ్మిదింటికి వచ్చి, చెప్పులు టేబులు కింద విడిచి, రాకపోకల పట్టీ తెరిచేది. ఎవరు ఏ ఫోల్డరులోకి ఎన్నింటికి వెళ్ళారు, ఏ ఫైలును ముట్టుకున్నారు, ఎన్నింటికి బయటికొచ్చారు, అన్నీ అందులో వరసగా పడతాయి. ఎవరైనా పాత ఫైలును మార్చినా, ఒక్కసారిగా పది ఫైళ్ళు చెరిపినా, వందల ఫైళ్ళు తాకినా ఆవిడ కంప్యూటరు కీచుమనేది. ఒకసారి మా గుమాస్తా ఏడాది ఉత్తరాలన్నీ పొరపాటున చెరిపేసి, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. ఆవిడ పావుగంటలో వాటిని తిరిగి తెచ్చి, "మీవేవో జారిపడ్డాయి, తీసి లోపల పెట్టాను" అని మాత్రం అంది. అప్పట్నుంచీ గుమాస్తా ఆవిడ ఎదురొస్తే పక్కకు తప్పుకునేవాడు.

చిత్రమేమిటంటే, పదకొండేళ్ళలో ఆవిడ మా ఫైలు ఒక్కటి కూడా తెరిచి చదవలేదు. ఫైలు పేరు తెలుసు, బరువు తెలుసు, ఏ రోజు పుట్టిందో తెలుసు. లోపల ఏముందో చూసేది కాదు. ఆ పద్ధతి ఆవిడకు మాస్టారు నేర్పింది. ఆవిడకంటే ముందు సర్వరు గది ఆయనది. "మనం ఉత్తరాలు మోసే మనుషులం తల్లీ. చిరునామా చదవాలి గాని కవరు చింపకూడదు" అని మొదటిరోజే చెప్పారట. ఆవిడకు ఆయన మాటను మించినది లేదు.

మాస్టారు రెండేళ్ళ కిందట గుండె ఆగి పోయారు. ఆయన కుర్చీ తీసేశారు, తలుపు మీద పేరు తీసేశారు. లాగిన్ మాత్రం అలాగే ఉండిపోయింది. రోజూ తెల్లవారుజామున సర్వరులోని ఫైళ్ళన్నిటికీ కాపీ తీసి ఇంకో పెట్టెలో దాచే పని ఒకటుంది. ఆ పనిని మాస్టారు ఎప్పుడో తన పేరు మీద పెట్టుకున్నారు. పెట్టె చిన్నది, ముప్పై రోజుల కాపీలే పడతాయి. ఆ తర్వాత పాతది చెరిగిపోయి కొత్తదానికి చోటిస్తుంది. ఆయన లాగిన్ మూస్తే ఈ కాపీలు ఆగిపోతాయి. పనిని వేరే పేరు మీదికి మార్చడం ఒక పూట పని. ఆవిడకు తెలియక కాదు, చేతులు రాలేదు. రేపు చేస్తాను, ఎల్లుండి చేస్తాను అంటూ రెండేళ్ళు గడిపింది. ఎవరో ఒకరు పూచీ ఉండాలి కనుక, ఈ లాగిన్ బాధ్యత నాదే అని ఒక కాగితం మీద సంతకం పెట్టింది.

కాపీలు తీసేటప్పుడు మాస్టారి పేరు వేలకు వేల ఫైళ్ళను తాకుతుంది. దానికల్లా అలారం మోగితే చెవులు చిల్లులు పడతాయి. అందుకని, మాస్టారు ముట్టుకుంటే మోగొద్దని కంప్యూటరుకు చెప్పి ఉంచింది. ఆయన పాస్‌వర్డు కాగితం, ఆయన గుండ్రటి చేతిరాతతో, సర్వరు గది అలమార తలుపు లోపలివైపు అంటించి ఉండేది. దాన్నీ పీకలేదు. ఆ గది తాళంచెవి మేనేజరు గది పక్కన మేకుకు వేలాడుతుంది. కావాలంటే ఎవరైనా తీసుకోవచ్చు.

"మాస్టారు ఐదింటికి వచ్చి ఆరింటికి వెళ్ళారు. ఒక్కరోజు సెలవు పెట్టరు" అనేది పొద్దున్నే పట్టీ చూస్తూ.

"పోయినాయన రోజూ డ్యూటీకి రావడమేంటమ్మా, నాకు ఒళ్ళు జలదరిస్తుంది" అనేవాణ్ణి.

"బతికున్న మీకంటే నయం. టైముకు వస్తారు."

ఇక మిల్లు రోడ్డు సంగతి. మిల్లు రోడ్డులో నలభై రెండో నెంబరు, ఆరంతస్తుల పాత కట్టడం. నాలుగో అంతస్తులో ఆవిడ అక్క ముప్పైనాలుగు మంది ఆడవాళ్ళతో కలిసి కుట్టుపని చేస్తుంది. తల్లి పోయాక పహరాను పెంచింది ఆ అక్కే. ఆవిడ చదువంతా ఆ కుట్టు మిషను మీదే సాగింది. ఆ కట్టడం కింద, స్కూటర్లు పెట్టేచోట, నాలుగో స్తంభానికి పగులు వచ్చిందని మా ఆఫీసు నెలనెలా కొలతలు తీస్తుంది. ఉమ్మడి డ్రైవులో "మిల్లు రోడ్డు 42" అని ఫోల్డరు. నెలకో ఫైలు వచ్చి చేరుతుంటే పహరా తృప్తిపడేది. "మనవాళ్ళు వెళ్ళి చూస్తున్నారు" అనేది. ఫైలు వచ్చిందంటే అక్క క్షేమంగా ఉన్నట్టే అని ఆవిడ లెక్క.

ఆ నెల ముప్పయ్యో తారీకు. పహరా నెలాఖరు పట్టీ సిద్ధం చేస్తోంది. రోజూ మాస్టారి పేరున్న వరసల్లో తెల్లవారుజామువి మాత్రమే చూసి వదిలేసేది, నెల మొత్తం కలిపి చదివేది ఇప్పుడే. నేను నక్షా మీద వంగి ఉన్నాను.

"అన్నయ్యగారూ, మాస్టారు మధ్యాహ్నం వచ్చారు" అంది.

ఎప్పటి వేళాకోళమే అనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. లేచి వెళ్ళి చూశాను. నాలుగో తారీకు, మధ్యాహ్నం ఒంటిగంటంబావు. మాస్టారి పేరు సర్వరు గదిలోని కంప్యూటరు మీంచే లోపలికి వచ్చింది. తొమ్మిది నిమిషాలు ఉంది. మిల్లు రోడ్డు ఫోల్డరులో ఐదు ఫైళ్ళు మార్చింది. ఇంకే ఫోల్డరులోకీ తొంగి చూడలేదు. అలారం మోగలేదు. మాస్టారు ముట్టుకుంటే మోగొద్దని చెప్పింది ఆవిడే కదా.

"ఐదు నెలల కిందటి ఫైలుకి ఈ నెల తారీకు ఎలా వస్తుంది?" అంది.

తర్వాత, పదకొండేళ్ళలో మొదటిసారి, కవరు చింపింది. ఇప్పటి ఫైళ్ళు తెరిచింది. కాపీల పెట్టెలోంచి నాలుగో తారీకు తెల్లవారుజామున తీసిన పాత ఫైళ్ళు తెచ్చి వాటి పక్కన పెట్టింది. పాతవాటిలో నాలుగో స్తంభం పగులు వెడల్పు, మిల్లీమీటర్లలో, వరసగా ఇలా ఉంది: 0.3, 0.5, 0.8, 1.2, 1.7. కొత్తవాటిలో: 0.3, 0.3, 0.3, 0.4, 0.4. ఆ కొలతలు తీసినవాణ్ణి అడుగుదామంటే, వాడు ఉద్యోగం మానేసి ఊరు వదిలి నెల కావస్తోంది.

"దీనర్థమేంటో చెప్పండి. నాకు తెలీదు" అంది.

"ఆగిపోయిన పగులైతే మొహం మీద ముడత లాంటిదమ్మా, భయం లేదు. పెరిగే పగులైతే..." అని ఆగిపోయాను.

"పెరిగే పగులైతే?"

"మనకెందుకమ్మా ఇవన్నీ. మూసెయ్" అన్నాను. ఇది నా మొదటి పిరికి పని.

ఆవిడ మెట్ల మీదికి వెళ్ళి అక్కకు ఫోన్ చేసింది. నేనూ వెనకాలే వెళ్ళాను. ఫోన్‌లోంచి మిషన్ల రొద, దాని మీదుగా అక్క గొంతు పైకి వినిపించాయి.

"పగుళ్ళేంటే? కింద స్తంభాలకి మొన్ననేగా పూత పూసి రంగేశారు. అద్దంలా ఉన్నాయి."

"ఎప్పుడు వేశారక్కా?"

"ఈ నెల మొదట్లో. ఎందుకు?"

"నాలుగు రోజులు సెలవు పెట్టు. కారణం అడక్కు."

"నేనొక్కదాన్నీ సెలవు పెడితే, మిగతా ముప్పైనాలుగు మంది సంగతేంటి?" అంది అక్క. అటునుంచి ఎవరో పిలిచారు, ఫోన్ పెట్టేసింది.

పహరా అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. పాత కాపీకి ఇంకా నాలుగు రోజులే ఆయుష్షు. అది చెరిగిపోతే ఆ పగులు పెరిగినట్టు ఈ లోకంలో ఎక్కడా ఉండదు. గోడ మీద రంగు ఉంటుంది, ఫైల్లో అంకెలు ఉంటాయి, రెండూ నున్నగా ఉంటాయి.

మర్నాడు పొద్దున రెండు రకాల ఫైళ్ళూ ప్రింటు తీసి నా దగ్గరకు వచ్చింది. "మేనేజరుగారి దగ్గరకి వెళ్తున్నా. మీరూ చూశారు కదా, చూశానని కింద ఓ సంతకం పెట్టండి."

"రిటైరవడానికి రెండేళ్ళుందమ్మా" అన్నాను. రెండో పిరికి పని.

"సరే అన్నయ్యగారూ" అంది. మళ్ళీ అడగలేదు. తిట్టినా బాగుండేది.

మేనేజరు గదికీ మా టేబుళ్ళకూ మధ్య అద్దమే అడ్డం, తలుపు ఓరగా వేసి ఉంది. ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు ఇంకా మెల్లగా మాట్లాడాడు.

"కూర్చోండి. మంచినీళ్ళు తాగుతారా? సరే. ఈ లాగిన్ ఎవరి బాధ్యత?"

"నాదేనండి."

"అలారం మోగకుండా ఆపిందెవరు?"

"నేనే."

"మరి ఫైళ్ళు ఎవరు మార్చారని రాయమంటారు?" అని, సొరుగులోంచి ఆవిడ సంతకం ఉన్న కాగితం తీసి టేబులు మీద, ఆవిడకు కనిపించేట్టు తిప్పి పెట్టాడు. "నా మాట వినండి. ఒక్క మూడు రోజులు ఊరుకోండి. ఆ తర్వాత ఏదో మారిందని కూడా ఎవరికీ తెలీదు. మీకే మంచిది."

ఆవిడ బయటికొచ్చి కుర్చీలో కూర్చుంది. "మూడు రోజులన్నారు. ఏ తారీకున మార్చారో నేను ఆయనకి చెప్పనే లేదు" అంది. అద్దంలోంచి నేనూ చూశాను. ఆవిడ చేతిలోని కాగితాలను ఆయన తీసి చూడనైనా లేదు.

ఆ పూటే మాస్టారి లాగిన్ మూసేసింది. రెండేళ్ళుగా చేతులు రాని పని అరగంటలో చేసింది. కాపీల పనిని తన పేరు మీదికి మార్చుకుంది, ఆ నాలుగో తారీకు కాపీ ఒక్కటి చెరగకుండా ఆపింది. పట్టీలో మాస్టారి పేరు వెలిసిపోయినట్టయి ఆగిపోయింది. అప్పుడు ఏడ్చింది. ఆయన పోయిన రోజున కూడా అంత ఏడవలేదు. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఒక తెల్లకాగితం తీసుకుని స్వదస్తూరితో రాసింది: ఆ లాగిన్ బాధ్యత నాది, చనిపోయినవారి పేరును మూయకుండా ఉంచింది నేను, అలారం ఆపింది నేను, ఫైళ్ళు మార్చింది మాత్రం నేను కాదు, అసలు కొలతలు ఇవి. కింద సంతకం పెట్టి, మునిసిపల్ ఆఫీసులో కట్టడాలు తనిఖీ చేసే అధికారికి ఇచ్చి వచ్చింది.

ఆ సాయంత్రమే మిల్లు రోడ్డు కట్టడం ఖాళీ చేయించి గుమ్మానికి ఎర్ర పట్టీ కట్టారు. ముప్పైఐదు మందీ రోడ్డు మీద పడ్డారు. పని పోయింది. అక్క ఇంటికొచ్చి చెల్లెల్ని గుమ్మంలోనే నిలబెట్టి కడిగేసింది. "నిక్షేపంలా ఉన్న బిల్డింగు పడిపోతుందని చెప్పి మా కడుపు కొట్టావు" అంది. పహరా మర్నాడు ఇది చెప్పి, "అక్క తిట్టింది, అంటే బతికే ఉంది కదా" అంది నాతో.

ఆఫీసులో విచారణ జరిగింది. లాగిన్ ఎవరిదో, అలారం ఆపిందెవరో ఆవిడే రాసిచ్చింది కదా, ఇంక వెతకాల్సిన పనేముంది? సస్పెండు చేశారు. వెళ్ళేవాళ్ళు తమ పాస్‌వర్డును కవర్లో పెట్టి మేనేజరుకు ఇవ్వాలని మా ఆఫీసు రూలు. ఇచ్చింది. నా టేబులు దగ్గర ఆగి, "మొట్టమొదట నా పేరు తీసెయ్యండి అన్నయ్యగారూ. కాపీల పని మీ పేరు మీదికి మార్చుకోండి. మాస్టారి విషయంలో నేను చేసింది మీరు చెయ్యకండి" అంది. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. అప్పగింత కాగితం మీద సంతకం పెట్టమన్నారు, చదవకుండానే పెట్టాను. ఆవిడ లాగిన్ బాధ్యత నాదేనని అందులో ఉందని తర్వాత తెలిసింది. పేరు మార్చడం ఎలాగో నాకు సరిగ్గా రాదు. రేపు నేర్చుకుందాంలే అనుకున్నాను. రోజూ తెల్లవారుజామున ఐదింటికి పట్టీలో పహరా పేరు వచ్చి, ఆరింటికి వెళ్ళేది. వచ్చినప్పుడల్లా వేల ఫైళ్ళకు అలారం మోగి, నేను ఆఫీసుకు వచ్చేసరికి కంప్యూటరు తెర నిండిపోయేది. నాలుగో రోజుకు విసుగొచ్చింది. ఆవిడ ముట్టుకుంటే మోగొద్దని చెప్పాను. ఆ మాట టైపు చేసేటప్పుడు కూడా నాకు ఏమీ గుర్తు రాలేదు. ఇంతకంటే మొద్దు మనిషి ఎక్కడైనా ఉంటాడా?

ఆరువారాలయింది. కట్టడం యజమాని గోల చేస్తే మళ్ళీ కొలవమన్నారు. ఊళ్ళో కొలిచేది మేమొక్కరమే కనుక పని మాకే వచ్చింది. కొత్త కుర్రాళ్ళిద్దరు వెళ్ళి పూత గీకి కొలిచారు. గురువారం సాయంత్రం ఫైలు ఫోల్డరులో పడింది. శుక్రవారం సాయంత్రం మేనేజరు కాగితం ఇస్తాడు. బాగుందని ఇస్తే ఎర్ర పట్టీ తీసేస్తారు, సోమవారం నుంచి మళ్ళీ కుట్టుపని. అక్క ఇంటికి తెచ్చుకున్న మిషనుకు నూనె కూడా వేయించి పెట్టుకుందని విన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం. అందరూ భోజనాలకు కిందికి వెళ్ళారు. నేను టేబులు దగ్గరే డబ్బా తెరిచాను. పట్టీలో ఒక పేరు వెలిగింది. పహరా. ఒంటిగంటా పదహారు నిమిషాలు. మిల్లు రోడ్డు 42.

డబ్బా పక్కకు నెట్టాను. మేకు వైపు చూశాను, తాళంచెవి లేదు. సర్వరు గది తలుపు కింద సన్నగా వెలుతురు గీత కనిపించింది. ఎంగిలి చేత్తోనే ఫోన్ తీసి ఆవిడకు చేశాను.

"ఎక్కడున్నావమ్మా?"

"ఇంట్లో. బట్టలు ఆరేస్తున్నా. ఏంటి అన్నయ్యగారూ?"

"నీ పేరు ఆఫీసులోకొచ్చింది."

"ఏ ఫోల్డరు?"

"మీ అక్కది."

"ఇంకా లోపలే ఉందా?"

"ఉంది. మూడు నిమిషాలైంది."

"కంగారు పడకండి. నిన్నటి ఫైలు తెల్లారి కాపీలో ఉంటుంది. ముందు అది ప్రింటు తియ్యండి. కాపీల పెట్టె తెరిచి ఇవాళ్టి తారీకు నొక్కండి." ఆవిడ చెబుతుంటే నేను నొక్కాను. ఫైలు తెరుచుకుంది. నాలుగో స్తంభం, 2.6. పక్కన ప్రింటరు కదిలింది. ఖాళీ ఆఫీసులో దాని చప్పుడు ఊరంతటికీ వినపడుతుందేమో అనిపించింది.

"ఎంతుంది?" అంది.

చెప్పాను. తర్వాత అడిగింది: "మరి అలారం ఎందుకు మోగలేదు?"

అబద్ధం ఆడబుద్ధయింది. ఆడలేకపోయాను. "నేనే ఆపాను."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "అయితే అదీ రాయండి అన్నయ్యగారూ. మొదటి లైనులోనే రాయండి. దాచితే మిగతాదీ ఎవరూ నమ్మరు" అంది.

తెల్లకాగితం తీసుకున్నాను. పహరా లాగిన్ బాధ్యత నాది. మూయమని చెప్పినా మూయనిది నేను. అలారం ఆపింది నేను. ఈ రోజు మధ్యాహ్నం ఒంటిగంటా పదహారు నిమిషాలకు ఆవిడ పేరు పట్టీలోకి వచ్చింది, ఆ పేరు లోపల ఉండగానే ఆవిడ తన ఇంట్లోంచి నాతో ఫోన్‌లో మాట్లాడింది. సర్వరు గదిలో వెలుతురు నా కళ్ళతో చూశాను. మునిసిపల్ ఆఫీసు నాలుగింటిదాకా ఉంటుంది, నడిచి వెళ్ళినా ఇరవై నిమిషాలు.

సంతకం పెట్టబోతుంటే సర్వరు గది తలుపు తెరుచుకున్న చప్పుడయింది. మేకుకు తాళంచెవి తగిలించిన చప్పుడూ వినిపించింది. అడుగులు నా టేబులు వైపే వచ్చి వెనక ఆగాయి.

"ఏం రాస్తున్నారు?" అన్నాడు మేనేజరు, ఎప్పటిలాగే మెల్లగా.

నేను తల ఎత్తలేదు. ఇంటిపేరుతో సహా పేరు మొత్తం రాసి, కింద తారీకు వేశాను.